సైకిలుకూ కారుకూ ఎందుకీ తగవు?

ఉదయం తొమ్మిది గంటలవేళ ఏ ఊళ్ళోనైనా పెద్ద రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. రెండు రకాల విసుగు మాటలు మీ చెవిన పడతాయి. "రోడ్డంతా తనదే అన్నట్టు ఎలా ఊగుతూ తొక్కుతున్నాడో చూడండి!" అంటాడు కారు నడిపే పెద్దమనిషి. "జానెడు ఎడం కూడా వదలడు, మీద నుంచి పోనిచ్చేట్టున్నాడు!" అంటాడు సైకిలు మీది అబ్బాయి. తప్పంతా ఎదుటివాడిదేనని ఇద్దరి నమ్మకం.

ఈ తగవు మీకు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిలు ఉంది. మీలో చాలామంది బడికి దాని మీదే వెళుతూ ఉంటారు. మనుషులకు ఓర్పు, మర్యాద లేకపోవడం వల్లనే ఈ గొడవ అని పెద్దలు అంటూ ఉంటారు. అది కొంతవరకు నిజమే. కాని అసలు కారణాలు మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నాయి. బరువు, వేగం, చూపు అనే మూడు విషయాలలో సైకిలుకూ కారుకూ ఎంత తేడా ఉన్నదో లెక్క వేసి చూద్దాం. అప్పుడు తగవు ఎందుకు వస్తున్నదో, ఎలా తీరుతుందో కూడా తెలుస్తుంది.

రోడ్డు ఎవరిది?

రోడ్లు మోటారు బండ్ల కోసం వేసినవనీ, సైకిళ్ళు మధ్యలో వచ్చి దూరాయనీ కొందరు అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి తారుమారుగా ఉంటుంది. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందినది 1886లో. అదే 1886లో ఇంగ్లండులో సైకిలు సంఘాలవారు కలిసి, రోడ్లు బాగుచేయించడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. అంతకు ముందే, 1880లో, అమెరికాలో సైకిలు తొక్కేవారి సంఘం ఏర్పడింది. మంచి రోడ్లు కావాలని అక్కడ గట్టిగా ఉద్యమం నడిపింది ఆ సంఘమే. గుంతల రోడ్డు మీద గుర్రపు బండి ఎలాగో పోతుంది కాని, సైకిలు పోలేదు గదా!

ఆ రోజులలో సైకిళ్ళవారితో తగవు పడినది గుర్రపు బండ్లవారు. గుర్రాలు బెదిరిపోతున్నాయని వారి ఫిర్యాదు. 1888లో బ్రిటిష్ చట్టం సైకిలును కూడా బండిగానే గుర్తించింది. ముందు పోయేవారిని దాటేటప్పుడు గంటతోనో, ఈలతోనో హెచ్చరించాలని నియమం పెట్టింది. అంటే రోడ్డు మీద నెమ్మదిగా పోయే బండికీ, కొత్తగా వచ్చిన వేగమైన బండికీ తగవు రావడం పాత కథే. అప్పుడు వేగమైన బండి సైకిలు. ఇప్పుడు కారు.

సైకిలు ఎందుకు ఊగుతుంది?

"తిన్నగా తొక్కలేవా?" అని డ్రైవర్లు అడుగుతారు. నిజం చెప్పాలంటే ఎవరూ పూర్తిగా తిన్నగా తొక్కలేరు. అరచేతి మీద కర్ర నిలబెట్టే ఆట మీరు ఆడే ఉంటారు. కర్ర ఎటు ఒరిగితే చేతిని అటు జరుపుతూ ఉండాలి. చేయి కదలకుండా పెడితే కర్ర పడిపోతుంది. సైకిలు కూడా అంతే. అది ఎడమకు ఒరిగితే హ్యాండిలును మనం ఎడమకే కొంచెం తిప్పుతాం. చక్రాలు ఆ వైపుకు వచ్చి, పడబోతున్న బరువు కిందికి చేరుకుంటాయి. మరుక్షణం సైకిలు కుడికి ఒరుగుతుంది. మళ్ళీ హ్యాండిలు కుడికి తిరుగుతుంది. మనకు తెలియకుండానే ఈ పని ఎడతెగకుండా జరుగుతూ ఉంటుంది. వేగం తగ్గినకొద్దీ హ్యాండిలును ఎక్కువగా తిప్పవలసి వస్తుంది.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చు. బడి ఆవరణలో పొడిగా ఉన్న సిమెంటు నేల మీద సుద్దతో పొడవైన తిన్నని గీత గీయండి. గీత మొదట్లో ఒక చెంబెడు నీళ్ళు పోయండి. ఆ తడిలోనుంచి సైకిలు పోనిచ్చి, గీత వెంబడి తొక్కండి. మొదటిసారి నడకంత నెమ్మదిగా, రెండవసారి కొంచెం వేగంగా తొక్కి, టైరు గుర్తులు గీతకు ఎంత దూరం జరిగాయో స్కేలుతో కొలవండి. నెమ్మదిగా తొక్కినప్పుడే వంకరలు ఎక్కువ కనిపిస్తాయి. మరొక సంగతి కూడా గమనించండి. మలుపు తిరిగిన చోట వెనక చక్రం ముందు చక్రం దారిలో పోదు. దానికంటె లోపలి వైపునుంచి పోతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

సైకిలు హ్యాండిలు వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. ఊగడానికి అటూ ఇటూ కొంత కలిపితే, ఒక సైకిలుకు దాదాపు ఒక మీటరు వెడల్పు దారి కావాలి. పైగా రోడ్డు అంచున గుంతలు, ఇసుక, మురికి కాలువ మూతలు ఉంటాయి. వాటిని తప్పించడానికి సైకిలు హఠాత్తుగా పక్కకు జరగవలసి వస్తుంది. పెద్ద లారీ వేగంగా పక్కనుంచి పోతే, అది తోసుకుపోయే గాలి కూడా సైకిలును కుదుపుతుంది. అందుకే కొన్ని దేశాలలో సైకిలును దాటేటప్పుడు ఎంత ఎడం వదలాలో చట్టంలోనే చెప్పారు. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళలో ఇది కనీసం 1.5 మీటర్లు. ఊగడం తొక్కేవాడి పొగరు కాదు, రెండు చక్రాల బండి స్వభావం అని ఆ చట్టం ఒప్పుకున్నట్లయింది.

ఆగితే ఖర్చు ఎవరికి?

ఇప్పుడు డ్రైవర్ల ఫిర్యాదు ఒకటి తీసుకుందాం. "సైకిళ్ళవాళ్ళు ఎర్ర దీపం పడినా ఆగరు" అంటారు. చాలాసార్లు ఇది నిజమే. ఎందుకు ఆగరు?

మీరూ మీ సైకిలూ కలిసి 60 కిలోగ్రాములు ఉన్నారనుకోండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. కదిలే వస్తువుకు ఉండే గతిజ శక్తిని కట్టడానికి సూత్రం మీకు తెలుసు. ద్రవ్యరాశిని వేగంతో రెండుసార్లు గుణించి, వచ్చినదానిలో సగం తీసుకోవాలి. ఆ లెక్కన మీ గతిజ శక్తి సుమారు 520 జౌళ్ళు. బ్రేకు వేసి ఆగితే ఈ శక్తి అంతా వేడిగా మారి పోతుంది. మళ్ళీ బయలుదేరాలంటే ఆ 520 జౌళ్ళను మీ కాళ్ళే ఇవ్వాలి. చదునైన రోడ్డు మీద 50, 60 మీటర్లు ఒకే వేగంతో తొక్కడానికి పట్టే శ్రమ ఎంతో, ఒక్కసారి ఆగి బయలుదేరడానికి సుమారు అంత శ్రమ. కారు నడిపేవారికైతే ఆ పని పెట్రోలో, బ్యాటరీయో చేసిపెడుతుంది. పాదంతో కొంచెం నొక్కితే చాలు.

సైకిలు మనిషికి ఆగబుద్ధి కాకపోవడానికి ఇదీ కారణం. కాని కారణం తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఎర్ర దీపం దగ్గర ఆగితే పోయేది 520 జౌళ్ళు. ఆగకపోతే ఏమి పోతుందో తరువాతి లెక్క చెబుతుంది.

బరువు కంటె వేగం ప్రమాదం

కారు, దానిలోని మనిషి కలిసి 1,000 కిలోగ్రాములు అనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజ శక్తి సుమారు 96,000 జౌళ్ళు. మీ సైకిలు శక్తికి ఇది దాదాపు 185 రెట్లు. సైకిలు తగిలితే కారుకు గీత పడుతుంది. కారు తగిలితే మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. డ్రైవరు చుట్టూ ఇనుప రేకు, ముందు గాలి సంచి, మీద బెల్టు ఉన్నాయి. సైకిలు మనిషి చుట్టూ చొక్కా తప్ప మరేమీ లేదు. డ్రైవరుకు విసుగు మాత్రమే కలిగే సందర్భంలో సైకిలు మనిషికి భయం కలుగుతుంది. ఇద్దరికీ కోపం ఒకటే అయినా, పోగొట్టుకునేది ఒకటి కాదు.

కారు బరువు మనం తగ్గించలేము. వేగం మాత్రం తగ్గించవచ్చు. 50 నుంచి 30కి తగ్గితే గతిజ శక్తి 96,000 జౌళ్ళ నుంచి సుమారు 35,000 జౌళ్ళకు పడిపోతుంది. వేగం సగానికి కాస్త పైన ఉన్నా, శక్తి మూడో వంతుకు దగ్గరగా వచ్చింది. వేగాన్ని రెండుసార్లు గుణించడం వల్ల వచ్చిన తేడా ఇది.

ఆగే దూరం చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అడ్డం వచ్చినదానిని చూసి, కాలు బ్రేకు మీదికి చేరడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో కారు 8.3 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసిన తరువాత మరో 5 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 13.3 మీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మొదటి సెకనులోనే 13.9 మీటర్లు పోతుంది. బ్రేకు వేసిన తరువాత ఇంకో 13.8 మీటర్లు. మొత్తం దాదాపు 28 మీటర్లు.

ఇప్పుడు ఒక సందులోనుంచి మీ సైకిలు పెద్ద రోడ్డు మీదికి వచ్చిందనుకోండి. అప్పుడు కారు 13.5 మీటర్ల దూరంలో ఉంది. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు మీకు తగలకుండా మీ ముందు ఆగిపోతుంది. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు మిమ్మల్ని చేరేసరికి డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడనే లేదు! అంటే అది పూర్తి వేగంతోనే తగులుతుంది. డ్రైవరు ఎంత మంచివాడైనా, ఎంత జాగ్రత్తపరుడైనా ఈ లెక్క మారదు.

మరి నెమ్మదిగా పోతే ఎంత ఆలస్యం? రెండు కిలోమీటర్ల దూరానికి 50 వేగంతో 2 నిమిషాల 24 సెకన్లు, 30 వేగంతో 4 నిమిషాలు పడుతుంది. తేడా ఒకటిన్నర నిమిషం. కూడళ్ళలో ఆగుతూ పోయే ఊరి రోడ్ల మీద ఆ తేడా ఇంకా తక్కువ.

కళ్ళున్నా కనబడని చోటు

"హఠాత్తుగా ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు" అని డ్రైవర్లు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. మన దేశంలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. సైకిళ్ళు పోయేది ఎడమ అంచున. బస్సులో, లారీలో డ్రైవరు సీటు ఎత్తుగా ఉంటుంది. అందువల్ల బండి ఎడమ పక్కన, ముందు చక్రం దగ్గర ఉన్న సైకిలు ఆయనకు కనబడకపోవచ్చు.

ఇక్కడ మీ సుద్దగీత ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. మలుపులో వెనక చక్రం లోపలి వైపునుంచి పోతుందని చూశారు గదా! చిన్న సైకిలులోనే ఆ తేడా కనిపిస్తే, పొడవైన లారీలో అది ఎంత ఉంటుందో ఊహించండి. లారీ ఎడమకు తిరుగుతుంటే దాని ముందు భాగం మీకు దూరంగానే పోతుంది. వెనక చక్రాలు మాత్రం మీ మీదికి వస్తాయి. కాబట్టి కూడలిలో ఆగి ఉన్న లారీకి, బస్సుకు ఎడమ పక్కన దూరి ఎన్నడూ నిలబడవద్దు. వెనకనే ఆగండి.

వెలుతురు వచ్చిన దారినే తిరిగి పోగలదని కాంతి పాఠంలో చదువుకున్నారు. దానినుంచి ఒక మంచి సూత్రం దొరుకుతుంది. బండి అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, ఆ అద్దంలో మీరు కూడా ఆయనకు కనబడరు.

సైకిలు వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టరు పని చేసేదీ కాంతి సూత్రంతోనే. దాని లోపల ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడేసి చిన్న తలాలు వరుసలుగా ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు ఏ దిక్కునుంచి వచ్చిందో ఆ దిక్కుకే తిరిగిపోతుంది. అందుకే వెనకనుంచి వచ్చే కారు దీపాల వెలుతురు ఆ డ్రైవరు కళ్ళకే చేరుతుంది. 1969లో అపోలో-11 వ్యోమగాములు చంద్రుని మీద ఉంచి వచ్చిన పరికరం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. చంద్రుడి దాకా పనికివచ్చిన వస్తువు మీ సైకిలుకు ఉన్నదో లేదో, దాని మీద మట్టి పేరుకుపోయిందో ఈ రోజే చూసుకోండి.

పిల్లలు మార్చిన దేశం

ఈ లెక్కలన్నీ పట్టించుకుని రోడ్లనే మార్చిన దేశం ఒకటి ఉంది. అది నెదర్లాండ్స్. మనవాళ్ళు హాలెండు అని పిలుస్తారు. అక్కడ ఇప్పుడు మనుషుల సంఖ్య కంటె సైకిళ్ళ సంఖ్య ఎక్కువ. కాని ఆ దేశం మొదటినుంచీ సైకిళ్ళకు స్వర్గం అనుకుంటే పొరపాటు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ కార్లు త్వరత్వరగా పెరిగాయి. వీధులు, పాత ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాలు కార్లకు దారులయ్యాయి. 1971లో ఒక్క సంవత్సరంలో దాదాపు 3,300 మంది రోడ్డు ప్రమాదాలలో చనిపోయారు. అప్పటి ఆ దేశ జనాభా కోటి ముప్పై లక్షలు మాత్రమే. చనిపోయినవారిలో నాలుగు వందల మందికి పైగా చిన్న పిల్లలు. 1972లో, కూతురిని అలా పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత దీని గురించి ఒక వ్యాసం రాశాడు. దానికి "పిల్లల హత్య ఆపండి" అని పేరు పెట్టాడు. అదే పేరుతో తల్లిదండ్రుల ఉద్యమం మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పిల్లలు కూడా తమ వీధిలో ఆడుకోవడానికి చోటు కావాలని, కార్లను మళ్ళించాలని పట్టుపట్టారు. 1973 చివర చమురు కొరత వచ్చినప్పుడు ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కార్లు నడపరాదని ఆజ్ఞాపించింది. కార్లు లేని రోడ్లు ఎలా ఉంటాయో జనం కళ్ళారా చూశారు.

తరువాత మార్పు మెల్లమెల్లగా వచ్చింది. నివాస వీధులలో నడిచేవారికీ, ఆడుకునే పిల్లలకూ మొదటి హక్కు ఉండేటట్లు 1976లో చట్టం చేశారు. పెద్ద రోడ్ల పక్కన సైకిళ్ళకు విడి దారులు వేశారు. అక్కడి ఇంజనీర్లు పాటించే సూత్రం చాలా సులభం. ఊళ్ళో సైకిళ్ళూ కార్లూ కలిసి పోయే వీధి అయితే వేగం 30కి మించకూడదు. వేగం 50 ఉండవలసిన రోడ్డయితే సైకిలుకు వేరే దారి ఉండాలి. మనం పైన వేసిన లెక్కే ఇది!

ఫలితం ఏమిటి? 2022లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవారు 745 మంది. జనాభా, కార్లు రెండూ ఎంతో పెరిగినా మరణాలు నాలుగో వంతు కంటె తగ్గాయి. అయితే పని పూర్తయిందని కాదు. ఆ 745 మందిలో 291 మంది సైకిళ్ళ మీద వెళుతున్నవారే. వారిలో ఎక్కువమంది ముసలివారు.

మన సంగతి

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిళ్ళ మీద వెళుతున్నవారు నాలుగు వేలకు పైగా ఉన్నారు. హైదరాబాదులో 2023 అక్టోబరులో బయటి వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని ప్రారంభించారు. దాని మీద పైకప్పుగా సౌర ఫలకాలు అమర్చారు. ఎండ తగలకుండా తొక్కవచ్చు, విద్యుత్తు కూడా వస్తుంది. మంచి పనే. కాని రోజూ బడికి, పనికి పోయే సైకిలుకు ఊరి లోపలి రోడ్లు కూడా అంత భద్రంగా ఉండాలి. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు సమావేశమై, మనుషులూ సైకిళ్ళూ మోటారు బండ్లూ కలిసి తిరిగే వీధులలో వేగ పరిమితి 30 కిలోమీటర్లు ఉండాలని సిఫారసు చేశారు.

రోడ్లు మారేదాకా చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మీరు ఎడమ పక్కనే తొక్కండి. ఎదురు దారిలో పోవద్దు. తిరిగే ముందు వెనక్కు చూసి చేయి చాపండి. ఆగి ఉన్న కారు పక్కనుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకుంటే తగలనంత ఎడంగా పోండి. ఇంట్లో కారు ఉంటే పెద్దలకు ఒక చిట్కా చెప్పండి. తలుపు పక్కన ఉన్న చేతితో కాక రెండో చేతితో తలుపు తీస్తే ఒళ్ళు దానంతట అదే తిరుగుతుంది. వెనకనుంచి వచ్చే సైకిలు కనబడుతుంది.

మీరు చేయగల పరిశోధన

మీ బడి ముందు బండ్లు ఎంత వేగంగా పోతున్నాయో మీరే కొలవవచ్చు. మీ ఉపాధ్యాయుడిని తోడు తీసుకోండి. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీదనే ఉండి, 50 మీటర్ల దూరంలో రెండు గుర్తులు ఎంచుకోండి. ఒకరు మొదటి గుర్తు దగ్గర నిలబడి, బండి రాగానే చేయి ఎత్తాలి. రెండో గుర్తు దగ్గర ఉన్నవారు అప్పటినుంచి బండి తమను దాటేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 6 సెకన్లు పడితే వేగం గంటకు 30 కిలోమీటర్లు. 3.6 సెకన్లే పడితే 50 కిలోమీటర్లు. అంతకంటె తక్కువ పడితే వేగం ఇంకా ఎక్కువ.

వంద బండ్లు కొలిచి పట్టిక తయారు చేయండి. ఉదయం బడి వేళ ఎంత, మధ్యాహ్నం ఎంత, ఎన్ని బండ్లు 6 సెకన్లకంటె తొందరగా పోయాయి అన్నది అందులో రాయండి. ఆ పట్టికను ప్రధానోపాధ్యాయుడి సంతకంతో మీ మునిసిపాలిటీకి లేదా పంచాయతీకి పంపి, బడి ముందు స్పీడ్ బ్రేకరు, వేగ పరిమితి బోర్డు కావాలని అడగండి. "బండ్లు చాలా వేగంగా పోతున్నాయండీ" అంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. "వందలో ఇన్ని బండ్లు ఇంత వేగంతో పోతున్నాయి, ఇదిగో లెక్క" అంటే కొట్టిపారేయడం కష్టం.